ఎర లేఖలు

ఈమెయిలు మోసమునకు ‘ఫిషింగ్’ అను పేరు ఆంగ్లమున చేపలవేటనుండి వచ్చినది. వైనతేయలో గాలము వేయువాడు చేపకు ప్రియమైన ఎరనే గ్రుచ్చును గదా! మన అమలాపురము, రాజోలు ప్రాంతములనుండి అనేకులు కువైటు మొదలగు దేశములకు పనికై పోవుచుందురు. కావున మనకు ఉద్యోగమే ఎర కాగలదు.

‘కొలువు దొరికినది, నేటి సాయంకాలములోగా వీసా రుసుము పంపుడు’ అను లేఖ వచ్చినచో మనము మూడు సంగతులు పరీక్షింపవలెను. మొదటిది చిరునామా: పంపినవాని పేరు ఏదైనను పెట్టుకొనవచ్చును, యాట్ గుర్తు తరువాతి భాగమును అక్షరమక్షరము చదువవలెను. భారత ప్రభుత్వ చిరునామాలు ‘గవ్.ఇన్’ అనిగాని ‘నిక్.ఇన్’ అనిగాని ముగియును. రెండవది తొందర: ఆలోచింపనీయని లేఖను నమ్మరాదు. మూడవది ఏజెంటు: 1983 నాటి వలసల చట్టము ప్రకారము అతడు ప్రభుత్వమువద్ద నమోదై యుండవలెను, ఆ పట్టికను ‘ఈ-మైగ్రేట్’ నందు చూడనగును.

ఓటీపీని ఎవ్వరికిని చెప్పరాదు. బ్యాంకువారు దానిని అడుగరు. సొమ్ము పోయినచో సిగ్గుచే దాచక తత్‌క్షణమే 1930కి ఫోను చేయవలెను; ఆలస్యమైనకొలది సొమ్మును నడుమ ఆపుట కష్టమగును.

విద్యార్థులారా, అనేక గృహములలో ఆంగ్లలేఖ చదివి చెప్పువారు మీరే. మీరు తొందరపడి ‘నిజమే’ అన్నచో తండ్రి పొలము తాకట్టు పెట్టును. కావున అర్థము చెప్పుటకు ముందు చిరునామా చదువుడని మిమ్ము కోరుచున్నాము.