‘క్రుకెడ్’ – ఒక విశేషణము, రెండు అర్థములు

ఆంగ్లమున ఆకారమును తెలుపు విశేషణములు పెక్కు కలవు. వానిలో ‘క్రుకెడ్’ అను చిన్న పదమును మనము ఈ వ్యాసమున పరిశీలింతము.

దీనికి మూలము ‘క్రుక్’ అను నామవాచకము. కొక్కెము అను అర్థముగల ప్రాచీన నార్స్ పదమునుండి అది ఆంగ్లమునకు వచ్చినది. గొఱ్ఱెల కాపరి చేతిలోని కొన వంగిన కఱ్ఱకు నేటికిని అదే పేరు. ఉచ్చారణయందు ఒక జాగ్రత్త అవసరము. క్రియకు భూతకాల రూపమైనప్పుడు ‘క్రుక్ట్’ అని ఒక్క ఊపున పలుకవలెను. విశేషణమైనప్పుడు ‘క్రుక్-ఇడ్’ అని రెండు భాగములుగా పలుకవలెను.

‘కర్వ్‌డ్’ అన్నను వంపే గదా, భేదమేమి అని విద్యార్థులు అడుగవచ్చును. చార్మినారు కమానులు ‘కర్వ్‌డ్’. వానిని ‘క్రుకెడ్’ అన్నచో కట్టినవారి పనితనమును నిందించినట్లగును. గోడపై ఒక ప్రక్కకు ఒరిగిన పటము ‘క్రుకెడ్’. సుత్తి దెబ్బ తప్పి వంగిన మేకు ‘క్రుకెడ్’. సాధారణముగా, తిన్నగా ఉండవలసినది అట్లు లేనప్పుడు ఈ మాట వాడుదురు.

ఈ ‘ఉండవలసినది’ అను భావమునుండియే రెండవ అర్థము పుట్టినది. మోసపు బేరము, లంచగొండి అధికారి కూడ ‘క్రుకెడ్’ అనబడుదురు. తప్పు అను అర్థముగల ‘రాంగ్’ అను పదమునకును మొదట మెలి తిరిగినది అనియే అర్థము. మన భాషలును ఇదే త్రోవ నడచినవి. తెలుగున వంకరబుద్ధి అందుము. వంపును తెలుపు సంస్కృత పదమైన ‘కుటిలము’ కపటమునకు పేరైనది. ఉర్దూలో కపటము లేనివానిని ‘సీధా ఆద్మీ’ అందురు.

రెండర్థములు ఒకే మాటలో ఉండుటచే చమత్కారము సులభము. “ఈ వడ్రంగి గీసిన గీతలన్నియు తిన్ననివే, వ్రాసిన బిల్లు మాత్రము క్రుకెడ్” అన్నచో ఆంగ్లము తెలిసినవాడు వెంటనే నవ్వును.

అయితే ఈ చమత్కారము మనుష్యుని దేహముపైకి పోయినచో అన్యాయమగును. 1485లో బాస్‌వర్త్ యుద్ధమున మరణించిన ఇంగ్లండు రాజు మూడవ రిచర్డును ట్యూడరు కాలపు రచయితలు వంకర దేహము, వంకర మనస్సు గలవానిగా వర్ణించిరి. షేక్‌స్పియర్ నాటకము ఆ రూపమును లోకమున స్థిరపరచినది. 2012లో లెస్టరు నగరమున ఒక కార్ల పార్కు క్రింద ఆయన అస్థిపంజరము బయటపడినది. వెన్నెముక ప్రక్కకు వంగియుండుట నిజమే. కాని నాటకములోని గూని లేదు. ఆ వంపును దుస్తులు, కవచము చాలవరకు కప్పగలిగెడివని, ఆయన కుంటెననుటకు ఎముకలలో ఆధారము లేదని 2014లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఆయన మంచిచెడ్డలను చరిత్రకారులు తేల్చవలెను, వెన్నెముక చెప్పజాలదు. మన భారతకథయందు అష్టావక్రుడు ఎనిమిది వంకరల దేహముతోనే జనకుని కొలువున వాదమున గెలిచెను.

కావున విద్యార్థులకు మా మనవి: మేకును, పటమును, మోసపు లెక్కను నిస్సంకోచముగా ‘క్రుకెడ్’ అనుడు. తోటి మనుష్యుని అవయవమును గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు ఈ మాటను విడిచి, ఉన్న స్థితిని మాత్రము తెలుపుడు. పదముల అర్థముతోపాటు వాని హద్దును తెలిసికొనుటయు భాషాభ్యాసమే.