ఒక్క రోజు చెప్పు, నాన్నా

అమలాపురం

బాబీ,

ఖతార్ నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మళ్ళీ మళ్ళీ విన్నాను. "ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో అన్ని రోజులూ ఒకేలా ఉన్నాయి, నా బతుకంతా ఇంతే" అన్నావు. ఉద్యోగం సంగతీ, ఆ అమ్మాయి సంగతీ మీ అమ్మ చెప్పింది. వాటి జోలికి నేను పోను. నాకు భయం వేసింది వేరే దానికి. అంతసేపు మాట్లాడావు, అందులో ఒక్క రోజు లేదు. ఒక మనిషి లేడు, తిన్న కూర లేదు.

కాలేజీలో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠమే నీకూ చెప్తున్నాను, విను. 1986లో ఇంగ్లండులో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ అనే ఇద్దరు, ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్ళకి ఒక్కో మాట ఇచ్చి, దానితో గుర్తొచ్చే ఒక సంఘటన చెప్పమన్నారు. సంతోషం అనగానే మనలాంటివాళ్ళం ఫలానా రోజు, ఫలానావాళ్ళ పెళ్ళి అంటాం. వాళ్ళలో చాలామంది "స్నేహితులతో ఉన్నప్పుడు" లాంటి మాటల దగ్గరే ఆగిపోయారు. మనసు గతాన్ని వెతికేటప్పుడు ముందు పైపై మాట దొరుకుతుంది, ఆ తర్వాతే ఒక రోజు దాకా దిగుతుంది. దిగులుపడ్డ మనిషిని ఆ పైమాట దగ్గరే "నేనెందుకిలా" అన్న చింత పట్టేస్తుంది. లోపల నొప్పి ఉందని మనసూ వెనకాడుతుంది. అలిసిన బుర్రకి అంత వెతికే ఓపికా ఉండదు. చెడ్డ రోజుని తప్పించుకోబోతే మంచి రోజులు కూడా అందకుండా పోతాయి, బాబీ. మునుపు ఎలా గట్టెక్కామో గుర్తు రాకపోతే రేపేం చెయ్యాలో తోచదు.

విశాఖ హాస్టల్లో నా గదిలో పలాస పిల్ల ఒకతె ఉండేది. తల్లి పోయింది. ఆవిడ గురించి అడిగితే "మంచిది" అనేది, అంతే. ఒకనాడు నీళ్ళ బకెట్లు మోస్తూ తనే చెప్పింది. వాళ్ళమ్మ జీడిపిక్కలు కొట్టేది. బూడిద రాసుకున్నా వేళ్ళు నల్లబడేవి, అందుకని ఈ పిల్లకి అన్నం చెంచాతో పెట్టేదట. బకెట్ అక్కడే దించేసి ఏడ్చింది. ఆ తర్వాతే తల్లి గురించి మాట్లాడగలిగింది.

మీ పెదనాన్న నువ్వున్న ఆ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోనే ఉండేవారు కదా, 2014లో విమానాలు హమద్ ఎయిర్‌పోర్టుకి మారకముందు. ఉత్తరాల్లో ఏ రాత్రి విమానం చప్పుడుకి మెలకువ వచ్చిందో, పప్పు మాడితే గదిలో మలయాళీ కుర్రాడు ఏమన్నాడో రాసేవారు. ఆయన పోయాక నన్ను నిలబెట్టినవి ఆ కాగితాలే.

నువ్వూ నాకు రోజుకొకటి పంపు. ఎందుకిలా అయిందన్న విచారణ వద్దు. ఎక్కడ, ఎవరు, ఏ పూట, అంతే. మతార్ అల్ ఖదీమ్ మెట్రో స్టేషన్‌లో ఎదురుగా నిలబడ్డ మనిషి చెప్పులైనా సరే. ఇరాన్‌లో ఉన్న అఫ్ఘాన్ శరణార్థి పిల్లలకి ఇలా విడివిడిగా గుర్తు తెచ్చుకోవడం నేర్పితే దిగులు తగ్గిందని 2013లో ఒక పరిశోధన వచ్చింది.

అంతమాత్రాన దీనితోనే నిన్ను వదిలెయ్యను. నిద్ర, తిండి సహించకుండా రెండు వారాలైతే 16000కి ఫోన్ చెయ్యి, ఖతార్‌లో మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న నంబరు అది. బతకాలని లేదనిపిస్తే ఆ క్షణమే 999కి చెయ్యి, నాకూ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

ఫొటోలో బాగా చిక్కిపోయావు నాన్నా. శుక్రవారం సెలవే కదా, పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఈ వారంలో ఒక పూట ఏం తిన్నావో, ఎక్కడ తిన్నావో, పక్కన ఎవరున్నారో చెప్పాలి.

మీ పెద్దమ్మ