భూమి లోపల రాయి ఎలా కరుగుతుంది?

ఆదిలాబాదు నల్లరేగడిలో పత్తి బాగా పండుతుంది. ఆ మన్ను ఎక్కడిది? సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట కరిగిన రాయి భూమి లోంచి పొంగింది. దక్కను మీద పొరలు పొరలుగా పరుచుకుంది. చల్లారి నల్లరాయి అయింది. ఆ రాయి చివికి నల్లమన్ను అయింది.

భూమి లోపల కరిగి ఉన్న రాయిని మాగ్మా అంటారు. అది బయటికి వస్తే లావా.

మన కాళ్ళ కింద అంతా నిప్పుల ద్రవమే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వందల కిలోమీటర్ల లోతు దాకా ఉన్నది ఎక్కువగా గట్టి రాయే. అది చాలా వేడిగా ఉంటుంది. అయినా కరగదు. ఎందుకని? పైనున్న రాళ్ళ బరువు దాన్ని అదిమి పెడుతుంది.

మరి ఎప్పుడు కరుగుతుంది? భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా ఉంది. ఈ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు కదులుతాయి.

1. పలకలు విడిపోయే చోటు: ఐస్‌లాండ్ ఇలాంటిదే. పలకలు దూరం జరిగితే వేడిరాయి పైకి లేస్తుంది. ఒత్తిడి తగ్గుతుంది. కొత్తగా వేడి తగలకపోయినా కొంత రాయి కరుగుతుంది.

2. పలక నడుమ: హవాయి దీవులు ఇలాంటివి. బాగా లోతు నుంచి మరింత వేడిరాయి పైకి వచ్చి కరుగుతుంది. దక్కను లావా కూడా ఇలాగే వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల మాట.

3. ఒక పలక ఇంకోదాని కిందికి దూరే చోటు: సముద్రం అడుగు పలకలో నీరు ఉంటుంది. లోతుకు పోయాక ఆ నీరు పైనున్న వేడిరాయిలోకి చేరుతుంది. ఉత్త బెల్లం పొయ్యి మీద పెడితే మాడుతుంది. కాసిని నీళ్ళు పోస్తే తేలిగ్గా కరుగుతుంది కదా? రాయి కూడా నీరు తగిలితే తక్కువ వేడికే కరుగుతుంది. అండమాన్ దగ్గరి బారెన్ దీవి ఇలాంటిదే. ఈ మాగ్మాలో ఆవిరి ఎక్కువ. అందుకే కొండ పేలుతుంది.

1985లో కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ కొండ పేలింది. మంచు కరిగి బురద వరద వచ్చింది. ప్రమాదం ఎక్కడుందో చూపే పటం ముందే గీశారు. కానీ జనాన్ని ఖాళీ చేయించలేదు. 20 వేల మందికి పైగా చనిపోయారు.

1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినతుబో ఇంకా పెద్దగా పేలింది. అక్కడ శాస్త్రవేత్తలు ముందే హెచ్చరించారు. జనం ఊళ్ళు వదిలారు. తడిసిన బూడిద బరువుకు ఇళ్ళ కప్పులు కూలి వందల మంది పోయారు. అయినా వేల ప్రాణాలు దక్కాయి.

తెలుసుకుంటే చాలదు. తెలిసింది నలుగురికీ చేరాలి. అప్పుడే ప్రాణాలు నిలుస్తాయి.

చెప్పండి:
1. లోపలి రాయి వేడిగా ఉన్నా ఎందుకు కరగదు?
2. నీరు తగిలితే రాయికి ఏమవుతుంది?
3. కొలంబియాలో ఏం చేసి ఉంటే జనం బతికేవారు?