బాటసారులైన జంతువులు

బాలుర కథలలో మనుష్యులకంటె జంతువులకే పెద్దపీట. కాకి, ఎలుక, తాబేలు, జింక, నక్క, ఎద్దు అను పేరులు వినబడగానే పిల్లలు చెవి యొగ్గి కూర్చుందురు. అందును, ఒక జంతువు తన కలుగునో, కొలనునో, చెట్టునో విడిచి తెలియని చోటికి బయలుదేరినదని కథ మొదలైనచో, అది ముగియువఱకు వారు కదలరు. క్రొత్త త్రోవలు, చీకటి యడవులు, పొంచియున్న వేటగాండ్రు, అనుకొనని చెలిమి, ఇవి యన్నియు నట్టి కథలలో నుండును.

ఇట్టి కథలను వినునపుడు "తరువాత నేమయ్యెను?" అని యడుగుట పిల్లలకు సహజము. "అసలా జంతువు ఇల్లేల విడిచెను?" అని యడుగువారు తక్కువ. ఈ రెండవ ప్రశ్నను వేసికొని చదివినచో, చిన్ననాట విన్న కథలే క్రొత్త యర్థము నిచ్చును.

తెలుగు బాలుర కిట్టి కథలలో పెక్కులు పంచతంత్రము, హితోపదేశము అను సంస్కృత గ్రంథములనుండి వచ్చినవి. పంచతంత్రమును విష్ణుశర్మ యను పండితుడు చెప్పెనని ప్రసిద్ధి. దాని ననుసరించి నారాయణ పండితుడు హితోపదేశమును కూర్చెను. తెలుగున దూబగుంట నారాయణకవి 15వ శతాబ్దమున పంచతంత్రమును పద్యకావ్యముగా రచించెను. చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా నుండిన పరవస్తు చిన్నయసూరి 1853లో మిత్రలాభము, మిత్రభేదము అను భాగములను నీతిచంద్రిక యను పేర వచనమున వెలువరించెను. తరతరముల విద్యార్థులు ఆ గ్రంథమును పాఠముగా చదివిరి.

మిత్రలాభ కథ గోదావరీ తీరమున నొక పెద్ద బూరుగుచెట్టు కడ మొదలగును. ఆ చెట్టుపై లఘుపతనకమను కాకి యుండెను. ఒకనాడు వేటగాని వలలో చిక్కిన పావురములు ఒక్కుమ్మడిగా రెక్కలాడించి, వలతో కూడ నెగిరిపోవుట చూచి, కాకి వాని వెంట పోయెను. హిరణ్యకమను ఎలుక ఆ వలను పండ్లతో కొఱికి పావురములను విడిపించెను. అది చూచిన కాకికి ఎలుకతో స్నేహము చేయవలెనని కోరిక కలిగెను. కాని ఎలుక వెంటనే సమ్మతింపలేదు. కాకి ఎలుకలను తిను జాతి. తినువానికి తిండికి చెలిమి యెట్లు కుదురునని చాలసేపు సందేహించెను. కాకి మనస్సును బాగుగా పరీక్షించిన పిదపనే కలుగు వెలుపలికి వచ్చెను.

కొంతకాలమునకు కాకికి ఆ చోట ఆహారము దొరకుట కష్టమయ్యెను. దండకారణ్యములోని యొక కొలనిలో మంథరకమను తాబేలు దానికి పాతచెలికాడు. అచ్చటికి పోవుటకు కాకి నిశ్చయింపగా, ఎలుకయు వెంట బయలుదేరెను. కొలని గట్టున నెలుక తన పూర్వకథను చెప్పెను. ఒకప్పుడది యొక పట్టణమున, సన్న్యాసి యొకడు నివసించు చోట కలుగు చేసికొని యుండెను. చిలుకకొయ్యకు తగిలించిన భిక్షాన్నమును ఎగిరి యందుకొని తినుచుండెను. సన్న్యాసి యా కలుగును త్రవ్వి, అది చిరకాలము కూడబెట్టిన సొత్తంతయు తీసికొనెను. నాటినుండి దానికి ఎగురు సత్తువ పోయెను. అవమానము మాత్రము మిగిలెను. అందుచే నది పట్టణమును విడిచి యడవి చేరెను.

ఈ మూడును ఇట్లు కలసియుండగా, చిత్రాంగమను జింక బెదరి పరుగెత్తుకొని వచ్చెను. వేటగాండ్రు దానిని తఱిమిరి. కళింగరాజు సేనలతో వచ్చుచున్నాడనియు, మఱునాడు వేటగాండ్రు ఆ కొలని కడకే వత్తురనియు జింక చెప్పెను. ఆ మాట వినగానే తాబేలు మిక్కిలి భయపడెను. నీటిలో దానికున్న బలము నేలపై లేదు. ఐనను భయము దానిని నిలువనీయలేదు. కొలని విడిచి మెల్లగా నేలపై నడచి పోవుచుండగా, దారిలో వేటగాడు దానిని పట్టి వింటికి కట్టుకొని పోయెను.

అప్పుడు మిగిలిన మూడును కూడి యొక యుపాయము పన్నెను. జింక నీటి యొడ్డున చచ్చినదానివలె పడియుండెను. కాకి దానిపై వ్రాలి పొడుచుచున్నట్లు నటించెను. జింక మాంసమున కాసపడి వేటగాడు తాబేలును క్రింద పెట్టి యటు పోయెను. ఆలోపల ఎలుక త్రాటిని కొఱికెను, తాబేలు నీటిలోనికి జాఱెను, కాకి యెగిరెను, జింక లేచి పరుగెత్తెను. వేటగానికి రెండును దక్కలేదు.

ఈ కథలో నాలుగు జంతువులు ఇల్లు విడిచినవి. వానిలో నొక్కటియు వేడుకకై విడువలేదు. కాకిని ఆహారపు కొఱత వెడలించెను. ఎలుకను సొత్తు పోగొట్టుకొన్న దుఃఖము వెడలించెను. జింకను వేటగాని బాణము వెడలించెను. తాబేలును రానున్న యాపదను గూర్చిన భయమే వెడలించెను. నాలుగు కారణములు; నాలుగును ప్రాణములకు సంబంధించినవే. బయలుదేరిన పిదప వానిని కాపాడినది బలము కాదు, స్నేహము. కాకి రెక్క, ఎలుక పన్ను, జింక కాలు వేఱువేఱుగా నున్నచో వేటగాని కెదుట నిలువజాలవు. కూడినప్పుడే అవి యొక బలమయ్యెను.

తక్కిన కథలను పరిశీలించినను ఇదియే కనబడును. మిత్రభేదములో సంజీవకమను ఎద్దు వర్తకుని బండి లాగుచు కాలు విఱిగి యడవిలో పడిపోయెను. యజమానుడు దానిని విడిచిపోగా, అది మెల్లగా కోలుకొని, పచ్చిక మేసి బలిసి, సింహమునకు మిత్రమయ్యెను. నీలిరంగు తొట్టిలో పడిన నక్క ఊరిలోనికి వచ్చినది ఆకలిచేతనే. కుక్కలు తఱుమగా దాగుటకు చోటు వెదకుచు తొట్టిలో పడెను. పంచతంత్రములో రెండు హంసలు పట్టుకొన్న కఱ్ఱను నోట కఱచుకొని యాకాశమున పోయిన తాబేలు తన కొలను ఎండిపోవుటచేతనే బయలుదేరెను. దారిలో నోరు తెఱచుట దాని తప్పు. బయలుదేరుట తప్పు కాదు.

ఈ కథలు చెప్పిన గ్రంథమును ఒక బాటసారియే. 6వ శతాబ్దమున పారసీక చక్రవర్తి ఖుస్రూ అనూషిర్వాను కాలములో బుర్జోయ్ అను వైద్యుడు దానిని పహ్లవీ భాషలోనికి మార్చెను. 8వ శతాబ్దమున ఇబ్న్ అల్ ముకఫ్ఫా దానిని అరబ్బీలోనికి తెచ్చెను. అరబ్బీలో దాని పేరు కలీలా వ దిమ్నా. కరటకుడు, దమనకుడు అను రెండు నక్కల పేరులే అట్లు మాఱినవి. అచ్చటనుండి అది యూరపు భాషలలోనికి పోయెను. దేశములు, భాషలు వేఱైనను, ఆకలిచేతను భయముచేతను ఇల్లు విడిచిన ప్రాణి బాధ యెల్లవారికిని తెలిసినదే. అందుచే నా కథలు పోయిన చోటనెల్ల ఆదరము పొందినవి.

కథలలోని జంతువులే కాదు, నిజమైన జంతువులును ఒక్కొక్కప్పుడు ఇట్లే బాటపట్టును. అట్టి బాటసారి యొకటి 2022లో కోటవురట్ల ప్రాంతమునకు వచ్చెను.

కోటవురట్ల అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నమునకు చేరువనున్న మండల కేంద్రము. తూర్పుకనుమల కొండలు ఈ సీమకు హద్దు. కొండల దిగువను వరి, చెఱకు పొలములును, జీడిమామిడి తోటలును గలవు. ఇచ్చటి చిన్నరైతునకు పొలముతో పాటు పాడిపశువును జీవనాధారము.

ఆ యేడు మే నెల చివర, పొరుగుననున్న కాకినాడ జిల్లాలో ప్రత్తిపాడు పరిసరములందు ఒక పెద్దపులి పశువులను చంపుట మొదలిడెను. అటవీశాఖవారు దాని యడుగుజాడలను గుర్తించి, కెమెరాలు అమర్చి, ఎర కట్టిన బోనులు పెట్టిరి. పులి బోనులలోనికి పోలేదు. ఇంచుమించు నెలరోజుల పిమ్మట నది అనకాపల్లి జిల్లాలో ప్రవేశించి, కోటవురట్ల మండలమునందలి పల్లెల చెంతకు వచ్చెను. తరువాత విజయనగరము జిల్లాలోను పులి జాడలు కనబడెను.

పులి తిరుగుచున్న పల్లెలో బ్రదుకెట్లుండునో ఊహింపవచ్చును. ప్రొద్దు వాలక మునుపే పశువులను తోలుకొని రావలయును. రాత్రివేళ నీరు కట్టుటకు ఒంటరిగా పొలమునకు పోరాదు. ఒక గేదె చచ్చినచో నొక కుటుంబమునకు పాలు, వానివలని రాబడి రెండును పోవును. పశువును పోగొట్టుకొన్న రైతునకు ప్రభుత్వము పరిహార మిచ్చు నియమము కలదు. కాని కంటిముందు పెరిగిన పశువు పోయిన దుఃఖమునకు పరిహారము లేదు. కనుక పల్లెవాసుల భయము తగినదే.

ఐనను, మిత్రలాభమును చదివిన విద్యార్థి యడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. ఆ పులి యిల్లేల విడిచెను?

పులిపిల్ల ఇంచుమించు రెండేండ్లు తల్లి వెంట నుండును. ఆ పిమ్మట నది తల్లిని విడిచి, తనకొక నెలవును వెదకికొనవలయును. ప్రతి పులికిని వేటాడుటకు విశాలమైన యడవి కావలయును. ఒకదాని నెలవులో మఱియొకటి చొచ్చినచో పోరు తప్పదు. దగ్గఱి యడవిలో చోటు లేనిచో, వయసు వచ్చిన పులి దూరముగా పోవును. పూర్వము ఒక యడవినుండి మఱియొక యడవికి చెట్లనీడనే పోవ వీలుండెను. నేడు నడుమ పొలములు, రహదారులు, ఊళ్లు వచ్చినవి. దాని త్రోవ ఊళ్ల చెంతనుండియే పోవుచున్నది.

ఇట్టి ప్రయాణము లెంత దీర్ఘములో చూపుటకొక యుదాహరణము కలదు. మహారాష్ట్రములోని టిపేశ్వర్ అభయారణ్యమున పుట్టిన యొక మగపులికి శాస్త్రజ్ఞులు మెడకు రేడియో పట్టీ కట్టిరి. అది 2019లో బయలుదేరి, తెలంగాణములోని ఆదిలాబాదు సీమను కూడ త్రొక్కి, తుదకు మహారాష్ట్రములోనే జ్ఞానగంగ అభయారణ్యమును చేరెను. అది నడచిన దూరము 3000 కిలోమీటర్లకు పైమాట. పగలు పొదలలో దాగి, రాత్రులు పొలములు, రోడ్లు, ఏఱులు దాటుచు నడచెను. ఆ పట్టీ లేకున్నచో నది యెచ్చట బయలుదేరి యెచ్చటికి పోయినదో యెవ్వరికిని తెలియదు. దారిలోని యొక్కొక్క ఊరివారికి అది యొక్కనాటి భయముగా మాత్రమే కనబడియుండును.

కారణము తెలియక, జాగ్రత్త లేక యున్నచో ఇరువైపుల నష్టము కలుగును. ఒడిస్సానుండి పార్వతీపురము మన్యము సీమకు ఏనుగులు వచ్చుచున్నవి. అవి పంటలను పాడుచేసెను; వానివలన మనుష్యులు ప్రాణములు కోల్పోయిరి. 2023 మే నెలలో ఆ జిల్లాలోని భామిని మండలమున నాలుగేనుగులు విద్యుద్ఘాతముచే మరణించెను. మనుష్యుని కన్నీరును, ఏనుగు చావును ఒకే త్రోవలో నెదురుపడినవి.

అట్లని కథలోని స్నేహమును చూచి పులితో చెలిమి చేయవలెనని తలపరాదు. హిరణ్యకమును జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. ఆ యెలుక కాకి మాటలు తీయగా నున్నవని వెంటనే వెలుపలికి రాలేదు. తన బలమెంతో, ఎదుటివాని స్వభావమెట్టిదో యెఱిగి మెలగెను. కథలోని కాకి తన మనస్సు చెప్పగలిగెను, పులి చెప్పజాలదు. కావున దూరముగా నుండుటయే దానియెడల మర్యాద. పులి జాడ కనబడినచో గుంపుగా వెంటబడి తఱుమక, అటవీశాఖవారికి తెలుపవలయును. పశువులను రాత్రి ఆరుబయట కట్టరాదు. చేని చుట్టు తీగెలకు విద్యుత్తు పెట్టుట మనుష్యులకును జంతువులకును ప్రాణాంతకము.

కథకుడు జంతువులకు మాట నిచ్చెను. అందుచే నెలుక తన కలుగు త్రవ్వబడిన సంగతిని, జింక తనను తఱిమిన వేటగాని సంగతిని చెప్పుకొనగలిగెను. నిజమైన జంతువునకు అడుగుజాడ తప్ప వేఱు మాట లేదు. ఆ జాడను చూచి, "ఇది యేమి పోగొట్టుకొని యిటు వచ్చెను?" అని యడుగగలవాడే, ఆ పురాతన కథలను సరిగా చదివినవాడు.

ప్రశ్నలు

1. మిత్రలాభములోని నాలుగు జంతువులు తమ నెలవులను విడుచుటకు గల కారణములను వ్రాయుడు.
2. కాకితో స్నేహము చేయుటకు ఎలుక వెంటనే యేల సమ్మతింపలేదు? దానినుండి గ్రహింపవలసిన నీతి యేది?
3. వయసు వచ్చిన పులి దూరప్రాంతములకు పోవుటకు కారణమేమి?
4. మీ యూరి పరిసరములకు అడవి జంతువు వచ్చినచో ఊరివారు చేయవలసినదేమి, చేయరానిదేమి?