వాకిలి తోరణం: ఏ ఆకు కోయాలి, ఎలా కట్టాలి?



ఉగాది దగ్గర పడితే మన పేరేసంద్ర క్రాసు అంగళ్ల ముందు ప్లాస్టిక్ తోరణాలు వేలాడుతుంటాయి. కొనడం తప్పని నేననను. కాని పెరట్లో, పొలం గట్ల మీద దొరికే ఆకుతో ఇంట్లోనే తోరణం కట్టడం పిల్లలకు ఒక పూట పాఠం. అందులో కొంత లెక్క ఉంది, కొంత వృక్షశాస్త్రం ఉంది. ఒక ప్రమాదం కూడా ఉంది. ముందు దాని సంగతే చెబుతాను.

నేను ఏడో తరగతిలో ఉండగా పండుగ ముందురోజు అవ్వ నన్ను మామిడాకు తెమ్మంది. మా ఇంట్లో మామిడి చెట్టు లేదు. పక్క తోటవాళ్లను అడగడానికి సిగ్గుపడి, దోవ పక్కనున్న గన్నేరు కొమ్మలు విరుచుకొచ్చాను. ఆకు పొడుగ్గా, పచ్చగా ఉంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అవ్వకు చూపు సరిగా ఆనదు. వాకిలికి ఒకటి, పశువుల కొట్టానికి ఒకటి కట్టాను. నాలుగు రోజులకు ఎండిన తోరణాన్ని తీసి కొట్టం పక్కన పారేశాను. సాయంత్రానికి మా మేక చొంగ కారుస్తూ, కాళ్లు తడబడి పడిపోయింది. తెల్లవారేసరికి చచ్చిపోయింది. దాని నోటి దగ్గర మిగిలిన ఆకు చూసి నాయన, "ఏమిరా, ఇది గన్నేరు కదరా" అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు. జూన్‌లో నన్ను హైస్కూల్లో చేర్చడానికి అమ్మాలనుకున్న మేక అది. ఆ సంవత్సరం పాత పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివాను.

గన్నేరులో ఓలియాండ్రిన్ అనే విషం ఉంటుంది. అది గుండె కొట్టుకునే లయను చెడగొడుతుంది. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నింటిలోనూ ఉంటుంది, ఎండినా పోదు. పచ్చి ఆకు చేదు కాబట్టి పశువులు సాధారణంగా ముట్టవు. ఎండిన ఆకునే ఎక్కువగా తింటాయి. పచ్చ గన్నేరు కూడా విషమే. ఉమ్మెత్త కూడా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గన్నేరు కొమ్మ మీద ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా మూడేసి ఆకులు చుట్టూ ఉంటాయి. మామిడిలో ఆకులు ఒక్కొక్కటిగా పుట్టి, కొమ్మ చివర గుత్తిగా కనిపిస్తాయి. మామిడాకు నలిపితే పచ్చి మామిడికాయ వాసన వస్తుంది. అనుమానం ఉన్న ఆకును నలపకండి, అసలు కోయకండి.

ఇక కోత. చాలామంది కొమ్మ చివరను విరిచేస్తారు. మామిడి పూత వచ్చేది ఆ చివరనే. సంక్రాంతికి విరిస్తే పూత పోతుంది, ఉగాదికి విరిస్తే పిందెలు పోతాయి. కాబట్టి చెట్టు లోపలివైపు నీడలో ఉన్న ముదురు ఆకును తొడిమతో ఒక్కొక్కటిగా తుంచండి. ఎర్రటి లేతాకు అందంగా ఉంటుంది గాని మధ్యాహ్నానికే వాడిపోతుంది. ముదురాకు మందంగా, పైన మైనపు పొరతో ఉంటుంది కనుక నీరు త్వరగా ఆరదు. సొన చేతికి అంటితే కొందరికి పొక్కుతుంది, వెంటనే కడుక్కోవాలి.

తోరణం గాలిని శుద్ధి చేస్తుందని కొందరు చెబుతారు. కోసిన ఆకు కొద్దిసేపే పని చేస్తుంది, అదీ చాలా కొంచెం. ఇంటి గాలి మారేంత కాదు. తోరణం శుభానికీ, అందానికీ కడతాం, అది చాలు.

వాకిలి వెడల్పు 36 అంగుళాలు, ఆకులు 21 అనుకుందాం. రెండు చివర్లా ఒక్కో ఆకు ఉండాలంటే ఎంత ఎడం ఉండాలి? పిల్లలు 36ను 21తో భాగిస్తారు. కాని 21 ఆకుల మధ్య ఉండేది 20 ఎడాలే. కాబట్టి 1.8 అంగుళాలు. ముడులకు ఇటు ఆరు, అటు ఆరు అంగుళాలు కలిపి 48 అంగుళాల నార కావాలి. అరటి పట్ట నుంచి చీల్చిన నారను తడిపి వాడితే తెగదు. ఆకులను తడిగుడ్డతో తుడిచి, కొసను వెనక్కి మడిచి తొడిమ దగ్గర కొబ్బరి ఈనెతో గుచ్చండి. అలా చేస్తే ఆకు చుట్టుకుపోకుండా నిలుస్తుంది. నడుమ బంతిపూలు, రెండు చివర్లా వేపరెమ్మలు పెట్టండి. బేవు బెల్లానికి ఎలాగూ వేపపూత కోస్తాం కదా. పూల మీద నీళ్లు చల్లకండి, రేకుల్లో నిలిచి కుళ్లుతాయి.

ఇలా ఏరి అల్లడం మనకొక్కరికే కాదు. తెలంగాణలో బతుకమ్మకు తంగేడు, గునుగు ఏరుతారు. ఐరోపా దేశాల్లో క్రిస్మస్‌కు పచ్చని రెమ్మలను గుండ్రంగా అల్లి తలుపుకు తగిలిస్తారు. వారు వాడే హాలీ చెట్టు ఎర్రటి పండ్లు తింటే పిల్లలకు వాంతులవుతాయి. అక్కడి తల్లులకూ ఈ జాగ్రత్త తప్పదు.

ఎండిన తోరణాన్ని తిప్పలో వేయండి, నారతో సహా ఎరువవుతుంది. నైలాన్ దారంతో కట్టి ఉంటే ముందు దాన్ని విడదీయండి, ఆవు కడుపులోకి పోతే అరగదు. మా కొట్టానికి ఇప్పుడూ తోరణం కడతాను. మామిడాకుదే, పక్క తోటవాళ్లను అడిగి తెచ్చినదే.