పోగొట్టుకున్న చోటే వెతుక్కుందాం

పిల్లలూ! నీట్ రాసినా ఎంబీబీఎస్ సీటు రాకపోతే, ఇంట్లో ముందు వినిపించే మాట "వచ్చే ఏడు ఇంకా గట్టిగా చదువు" అని. చదవాల్సిందే. కానీ పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు పెద్దలు. సీటు ఎక్కడ పోయిందో ముందు చూద్దాం.

1. మార్కుల దగ్గరా?
నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో జీవశాస్త్రానికే 360. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. 120 ఒప్పు, 60 తప్పు అయితే 420 వస్తాయి. ఆ తప్పుల్లో గుడ్డిగా గుర్తుపెట్టిన 30 వదిలేసి ఉంటే 450! అందుకని పాత ప్రశ్నపత్రం తీసి తప్పులను మూడు వరుసల్లో రాద్దాం: తెలియనివి, తెలిసీ తప్పినవి, ఊహించినవి. మొదటివాటికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, రెండోవాటికి గడియారం పెట్టుకుని సాధన, మూడోవాటికి నిగ్రహం మందు.

2. స్థానికత దగ్గరా?
బదిలీల ఇళ్లలో ఇదే పెద్ద చిక్కు. రాష్ట్ర ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లే అఖిల భారత కోటా. ఢిల్లీలోని మౌలానా ఆజాద్ వైద్య కళాశాలలో 85 శాతం సీట్లు 11, 12 తరగతులు ఢిల్లీలో చదివినవారికి. తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా 12తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు అక్కడే ఉండాలి. కొందరు ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి.

9, 10 విశాఖలో, 11, 12 జనక్‌పురిలో చదివితే ఢిల్లీ కోటా దక్కుతుంది. 11 హైదరాబాదులో, 12 ఇక్కడ అయితే రెండూ చేజారవచ్చు. అప్పుడు అఖిల భారత కోటా, మంగళగిరి, బీబీనగర్‌లతో సహా ఎయిమ్స్ సంస్థలు మిగులుతాయి. వాటికి ఊరితో పనిలేదు.

3. కాగితాల దగ్గరా?
ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, తల్లిదండ్రుల బదిలీ ఉత్తర్వులు ఒకే ఫైల్లో పెడదాం. ఓబీసీలకు అఖిల భారత కోటాలో కేంద్ర జాబితా ప్రకారం ఇచ్చిన పత్రమే చెల్లుతుంది.

నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న హద్దు లేదు. 2022 నుంచి గరిష్ఠ వయసు హద్దూ లేదు. అయినా ఏడాది విలువైనది. పై మూడింటికీ జవాబులు రాసుకున్నాకే మళ్లీ రాయాలా, మరో కోర్సులో చేరాలా అని ఇంట్లో కూర్చుని తేల్చుకుందాం.

అభ్యాసం
1. 6వ తరగతి నుంచి ఏ ఏడు ఏ ఊళ్లో చదివారో పట్టిక వేయండి.
2. ఆ పట్టిక ప్రకారం మీకు ఏ రాష్ట్ర కోటా వర్తిస్తుందో ఈ ఏటి నియమావళి చూసి రాయండి.
3. 11వ తరగతికి ముందు బదిలీ వస్తే ఇంట్లో ఏమేం ఆలోచించాలి?