ప్రాసెసరుకు నిలకడైన వోల్టేజి – దానిని కనుగొను విధానము

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు విడిభాగములకు పేరుపొందిన బజారు. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యాము వేరువేరుగా కొని, ఇంటివద్ద స్వయముగా డెస్క్‌టాప్ కంప్యూటరును కూర్చుకొను విద్యార్థులకు ఆ భవనము సుపరిచితమే. వారిలో కొందరికి త్వరలోనే మరియొక కోరిక కలుగును: తయారీదారు నిర్ణయించిన వేగముకన్న ఎక్కువ వేగముతో ప్రాసెసరును నడుపవలెనని. దీనికే ఓవర్‌క్లాకింగ్ అని పేరు. వేగపు అంకెను పెంచుట సులభమే. ఆ వేగమువద్ద తప్పు లేకుండ పనిచేయుటకు ఎంత వోల్టేజి కావలెనో కనుగొనుట మాత్రము ఓర్పుతో చేయవలసిన ప్రయోగము. ఆ ప్రయోగమును ఈ వ్యాసములో పరిశీలింతము.

ఏ వోల్టేజి?

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. కంప్యూటరు పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. దానిని 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. మదర్‌బోర్డుపై ప్రాసెసరు ప్రక్కన ఉండు రెగ్యులేటరు ఆ 12 వోల్టులను మరల సుమారు 1 నుండి 1.4 వోల్టులకు తగ్గించి ప్రాసెసరుకు అందించును. మనము వెదకునది ఈ చివరి వోల్టేజిని. గోడకు స్టెబిలైజరు బిగించినంత మాత్రమున ఇది సరిపడదు.

వేగమునకు, వోల్టేజికి సంబంధము

5 గిగాహెర్ట్‌జ్ వేగముతో నడుచు ప్రాసెసరులో ఒక గడియ, అనగా ఒక క్లాకు కాలము, 0.2 నానోసెకండ్లు మాత్రమే. అంతలోనే సంకేతము అనేక ట్రాన్సిస్టర్లను దాటి గమ్యము చేరవలెను. వోల్టేజి పెరిగిన ట్రాన్సిస్టర్లు త్వరగా మారును; తగ్గిన ఆలస్యమగును. ఆలస్యమైనచో 1 ఉండవలసిన చోట 0 నమోదు కావచ్చును.

అయితే దీనికి చెల్లించవలసిన మూల్యము గలదు. ప్రాసెసరు వినియోగించు చాలక సామర్థ్యము పౌనఃపున్యమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమానుపాతములో ఉండును. ఉదాహరణకు, వేగమును 10 శాతము పెంచి, అందుకై వోల్టేజిని 1.20 నుండి 1.32కు పెంచితిమనుకొందము. అప్పుడు 1.10 × 1.10 × 1.10 = 1.331. అనగా 100 వాట్ల ఉష్ణము 133 వాట్లగును. పది పాళ్ళ వేగమునకు ముప్పదిమూడు పాళ్ళ వేడి!

ఒకే మోడలుకు చెందిన రెండు చిప్పులు కూడ ఒకే తీరుగా ఉండవు. తయారీలోని సూక్ష్మ భేదములవలన ఒకదానికి 1.25 వోల్టులు చాలిన వేగమునకు, వేరొకదానికి 1.32 కావలసి రావచ్చును. కావున మిత్రుని యంత్రములోని అంకెను నకలు చేయుట వ్యర్థము. ఎవరి చిప్పును వారే పరీక్షించుకొనవలెను.

ప్రయోగ క్రమము

అన్ని ప్రాసెసర్లలోను వేగము పెంచుటకు వీలుండదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో సాధారణముగా పేరు చివర ‘కె’ అక్షరము ఉన్నవానికి, అందుకు అనువైన మదర్‌బోర్డుతో మాత్రమే, ఈ సౌకర్యము ఉండును. ఇది మొదట తెలిసికొని, పిమ్మట క్రమముగా సాగవలెను.

1. ఏ మార్పు లేని స్థితిలో యంత్రమును పూర్తి భారముతో నడిపి, ఉష్ణోగ్రతను, వోల్టేజిని నోటుపుస్తకములో వ్రాసికొనవలెను.

2. ర్యాము వేగమును ముట్టుకొనరాదు. ఒకేసారి రెండు రాశులను మార్చినచో తప్పు దేనివలన వచ్చినదో తెలియదు.

3. వోల్టేజిని స్థిరముగా ఉంచి, వేగమును 100 మెగాహెర్ట్‌జ్ చొప్పున పెంచుచు, ప్రతి మెట్టువద్ద పది పదిహేను నిమిషములు పరీక్ష నడుపవలెను.

4. తప్పు వచ్చినచోట వోల్టేజిని 0.01 లేక 0.02 మాత్రమే పెంచి మరల పరీక్షింపవలెను.

5. కొద్దిపాటి వేగమునకు చాల వోల్టేజి కావలసి వచ్చినపుడు, లేదా ఉష్ణోగ్రత తయారీదారు చెప్పిన హద్దును సమీపించినపుడు, ఆగి ఒక మెట్టు దిగవలెను. అక్కడ కొన్ని గంటలపాటు తుది పరీక్ష చేయవలెను.

పరీక్షకు ప్రైమ్95 అను ప్రోగ్రాము ప్రసిద్ధము. ఇది 1996లో ప్రారంభమైన మెర్సెన్ ప్రధానసంఖ్యల అన్వేషణకై పుట్టినది. ముందే తెలిసిన జవాబులతో తన లెక్కను పోల్చి తప్పును పట్టుకొనును. భారము పడినపుడు వోల్టేజి కొంత క్రిందికి జారును; కావున బయోస్‌లో వ్రాసిన అంకెను గాక, భారముక్రింద కనిపించు అంకెను నమోదు చేయవలెను.

ఒక తర్క విషయము గమనింపదగినది. పరీక్షలో ఓడిన యంత్రము అస్థిరమని రుజువగును. నెగ్గిన యంత్రము స్థిరమని రుజువు కాదు, నమ్మకము మాత్రము పెరుగును. కావుననే కనుగొన్న కనిష్ఠ వోల్టేజికి స్వల్పముగా అదనము చేర్చుట మంచిది. మన ఊరిలో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సామాన్యము. గాలితో చల్లబరచు కూలరు ప్రాసెసరును గదిగాలికన్న చల్లగా ఉంచజాలదు. డిసెంబరులో నెగ్గిన వోల్టేజి వేసవిలో ఓడవచ్చును.

హద్దు ఎందుకు?

అధిక వోల్టేజి చిప్పును నెమ్మదిగా క్షీణింపజేయును. ప్రవాహ సాంద్రత, ఉష్ణోగ్రతల వలన లోహపు తీగల ఆయుష్షు ఎట్లు తగ్గునో జేమ్స్ బ్లాక్ 1969లోనే ఒక సమీకరణముగా చూపెను. ఇటీవలి నిదర్శనము కూడ గలదు. 2024లో ఇంటెల్ సంస్థ తన 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని మైక్రోకోడ్ లోపముచేత అధిక వోల్టేజిని కోరుచున్నవని ప్రకటించి, సవరణలు విడుదలచేసి, వారంటీని రెండేండ్లు పొడిగించినది. అప్పటికే దెబ్బతిన్న చిప్పులను ఆ సవరణలు బాగుచేయజాలవు.

యంత్రము ఆగిపోయినచో తప్పు కంటికి కనబడును. ఆగకుండ తప్పు జవాబు ఇచ్చుటయే అసలు ప్రమాదము. ప్రాజెక్టు లెక్కలు, ఇంటి దుకాణపు జమాఖర్చులు ఉన్న యంత్రముతో ఇట్టి సాహసము తగదు.

ఇదే పద్ధతిని తలక్రిందులు చేయవచ్చును. వేగమును మార్చక, వోల్టేజిని 0.01 చొప్పున తగ్గించుచు, తప్పు వచ్చినచోట ఆగి, రెండు మెట్లు పైకి వచ్చినచో, అంతే పని తక్కువ వేడితో జరుగును. మన వేసవికి ఇది మరింత అనుకూలము. కళాశాల కమిటీవారు ఇందుకు అనువైన పాత కంప్యూటరు నొకదానిని ప్రయోగశాలకు కేటాయించినచో, వేగమునకు, వోల్టేజికి గ్రాఫు గీచి, ఆ గీత ఎచ్చట నిటారుగా లేచుచున్నదో విద్యార్థులు స్వయముగా చూడగలరు. ఉర్దూలో సబ్ర్ అనియు, తెలుగులో ఓర్పు అనియు మనము చెప్పుకొను గుణమే ఈ ప్రయోగమునకు ముఖ్య పరికరము.